కేంద్ర బ్యాంకు స్వతంత్రత: చట్టంలో రాస్తే సరిపోతుందా, ఒత్తిడి వచ్చిన రోజు దాన్ని కాపాడేది ఏది?

తూనికరాయి (ప్రశ్న):

కేంద్ర బ్యాంకుల చట్టాలు పక్కపక్కన పెట్టి చదివితే ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ధరల స్థిరత్వం లక్ష్యమని ఒక సెక్షన్, గవర్నర్ పదవీకాలం ఇన్నేళ్లని ఒక సెక్షన్, ప్రభుత్వం ఆదేశాలు ఇవ్వరాదని ఇంకొకటి. అయినా ఒక దేశంలో గవర్నర్ వడ్డీ పెంచితే ఆర్థికమంత్రి సణుక్కుని ఊరుకుంటాడు. ఇంకో దేశంలో రెండు రోజులు తిరిగేసరికి ఆ కుర్చీలో వేరే మనిషి ఉంటాడు.

చట్టంలో నిజంగా బరువు మోసే సెక్షన్లు ఏవి? ప్రజల నమ్మకం అంటున్నది కొలవగలిగేదేనా, మాటవరసకు అనేదా? 2021, 2022ల్లో ద్రవ్యోల్బణం మీద చాలా కేంద్ర బ్యాంకుల అంచనాలు తప్పాయి కదా, అలా పోయిన నమ్మకం తిరిగి ఎలా వస్తుంది? ఇంకొకటి: ఎవరూ ఓటెయ్యని ఏడెనిమిది మంది కూర్చుని కోట్లమంది ఇంటి అప్పు వాయిదా ఎంతో తేల్చడం ప్రజాస్వామ్యంలో ఎలా కుదురుతుంది? ఈ చివరిది వాదన కోసం అడగడం లేదు, జవాబు కావాలనే అడుగుతున్నాను.

పద్దులపుస్తకం:

ఆ మూడో వాక్యాన్ని, అంటే "ఆదేశాలు ఇవ్వరాదు" అన్నదాన్ని, కాసేపు పక్కన పెట్టండి. చదవడానికి అన్నిటికంటే గంభీరంగా ఉండేది అదే, పనికి వచ్చేసరికి అన్నిటికంటే బలహీనమైనదీ అదే. చట్టం చేతికి రాగానే ముందు తెరవాల్సింది ప్రభుత్వానికి అప్పిచ్చే సెక్షన్.

కుకీర్‌మన్, వెబ్, నెయాప్తీ 1992లో కట్టిన సూచీని పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు. అందులో చట్టానికి సంబంధించిన అంశాలు 16. వాటిని నాలుగు గుంపులు చేసి బరువులు ఇచ్చారు. గవర్నర్ నియామకం, తొలగింపు, పదవీకాలం అన్నీ కలిపి 0.20. విధానం ఎవరు నిర్ణయిస్తారన్నదానికి 0.15. లక్ష్యాలకు 0.15. మిగిలిన 0.50, అంటే సరిగ్గా సగం, ప్రభుత్వానికి ఇచ్చే అప్పు మీద ఉన్న పరిమితులకే. నా ఉద్దేశంలో ఆ కేటాయింపు సరైనదే. వడ్డీ రేటు ఎవరు నిర్ణయించినా, ఖజానా ఖాళీ అయినప్పుడల్లా బ్యాంకు కొత్త డబ్బు పుట్టించి ఇవ్వాల్సిందే అయితే ఆ రేటుకు అర్థం ఉండదు.

దీనికి 1922 నాటి జర్మనీ కంటే స్పష్టమైన రుజువు దొరకదు. మిత్రరాజ్యాల ఒత్తిడి మీద ఆ సంవత్సరం మే నెలలో అక్కడి కేంద్ర బ్యాంకైన రైష్‌బ్యాంకుకు చట్టప్రకారం స్వయంప్రతిపత్తి ఇచ్చారు, ఛాన్సలర్ అజమాయిషీ తీసేశారు. కానీ ప్రభుత్వం తెచ్చిన ట్రెజరీ బిల్లులను (స్వల్పకాల అప్పు పత్రాలను) డిస్కౌంట్ చేసి, అంటే గడువుకు ముందే కొని, డబ్బివ్వడం అధ్యక్షుడు హావెన్‌స్టైన్ ఆపలేదు. 1923 నవంబరుకల్లా ఒక డాలరు 4,20,000 కోట్ల మార్కులు అయింది. నవంబరు 15న కొత్త కరెన్సీ రెంటెన్‌మార్క్ వచ్చింది, అదే రోజు బిల్లుల డిస్కౌంటింగ్ ఆగింది, ధరలు నిలబడ్డాయి. స్వతంత్రత చట్టం అంతకుముందు ఏడాదిన్నరగా అమల్లోనే ఉందని గుర్తుంచుకోండి.

అమెరికాలో కథ దీనికి తిరగబడింది. 1942 ఏప్రిల్ నుంచి అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) మూడు నెలల బిల్లుల మీద వడ్డీని 0.375 శాతం దగ్గర కట్టేసింది, దీర్ఘకాల బాండ్ల మీద 2.5 శాతం దాటనివ్వలేదు. ఆ రేటు కాపాడాలంటే అమ్మకానికి వచ్చిన ప్రతి బాండునూ కొనాలి. కొంటే డబ్బు సరఫరా ఎంతుండాలన్నది బ్యాంకు చేతిలోంచి జారిపోతుంది. కొరియా యుద్ధంతో ధరలు ఎగబాకాక 1951 మార్చి 4న ట్రెజరీ (ఆర్థికశాఖ), ఫెడ్ కలిసి ఒక చిన్న ప్రకటన ఇచ్చి ఆ ముడి విప్పాయి. కొత్త చట్టమేదీ రాలేదు.

సెక్షన్ చదివేటప్పుడు చూడాల్సినవి చెబుతాను. అడ్వాన్సు, అంటే ప్రభుత్వానికిచ్చే తాత్కాలిక అప్పు, పరిమితి ఎంత శాతమన్నదాని కంటే దేనిలో శాతమన్నది ముఖ్యం. గత ఏడాది నిజంగా వసూలైన ఆదాయంలో అయితే ఫర్వాలేదు. ఈ ఏడాది బడ్జెట్ అంచనాలో అయితే, అంచనాను ఉబ్బించి రాసుకుంటే పరిమితీ దానంతట అదే పెరుగుతుంది. తర్వాత గడువు: ఏడాది చివరికి సున్నా చేయాలా, చేసి మర్నాడే మళ్లీ తీసుకోవచ్చా? వడ్డీ మార్కెట్ రేటేనా? తీర్చలేకపోతే దాన్ని దీర్ఘకాల పత్రాలుగా మార్చేసే వీలుందా? ఈ నాలుగో దారి గుండానే చాలాచోట్ల తాత్కాలిక అప్పు శాశ్వతమైంది. భారత్‌లో ప్రభుత్వ ఖాతాలో నగదు కనీస మొత్తం కంటే తగ్గగానే వాటంతట అవే పుట్టే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు నాలుగు దశాబ్దాలు నడిచింది ఈ బాటలోనే. 1994 సెప్టెంబరు ఒప్పందంతో వాటికి పరిమితి పెట్టి, 1997 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా రద్దు చేసి, పరిమితి ఉన్న తాత్కాలిక అడ్వాన్సులు పెట్టారు. ప్రభుత్వం కొత్తగా జారీ చేసే బాండ్లను రిజర్వ్ బ్యాంకు నేరుగా కొనడం 2006 ఏప్రిల్ నుంచి ఆగింది.

ముందు తలుపు మూసి దొడ్డిదారి తెరిచిన చట్టాలూ ఉంటాయి. ప్రభుత్వరంగ బ్యాంకుకో అభివృద్ధి బ్యాంకుకో కేంద్ర బ్యాంకు చవగ్గా అప్పిస్తుంది, అది వెళ్లి ప్రభుత్వ బాండ్లు కొంటుంది. యూరోపియన్ యూనియన్ ఒప్పందంలోని 123వ అధికరణం ప్రభుత్వాలతో పాటు ప్రభుత్వ సంస్థలన్నిటికీ ఓవర్‌డ్రాఫ్ట్ నిషేధించింది ఇందుకే.

చట్టం చదవడానికి ఓపిక లేకపోతే బ్యాలెన్స్ షీటులో "ప్రభుత్వంపై నికర క్లెయిములు" (ప్రభుత్వం బ్యాంకుకు నికరంగా బాకీ ఉన్నది) అన్న వరసను వారం వారం చూడండి. ఆర్థిక సంవత్సరం ముగిసే వారం అది పడిపోయి, తర్వాతి వారం మళ్లీ లేస్తుంటే పరిమితి పేరుకే ఉందని అర్థం.

గడియారంముల్లు:

పద్దులపుస్తకం గారు అప్పు గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను గానీ, గవర్నర్ కుర్చీకి 0.20 చాలన్న దగ్గర ఒప్పుకోను. ఆ సూచీ కట్టిన ముగ్గురే మరో లెక్క కూడా తీశారు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ద్రవ్యోల్బణాన్ని వివరించడానికి చట్టపు సూచీ పెద్దగా పనికిరాలేదు, గవర్నర్లు ఎంత తరచుగా మారుతున్నారన్నది పనికొచ్చింది. ఏడాదికి 0.2 నుంచి 0.25 మార్పులు దాటితే, అంటే సగటున నాలుగైదేళ్లు కూడా నిలవకపోతే, మిగతా హామీలు బలహీనపడుతున్నట్టు లెక్క. ఇది ఎవరైనా పది నిమిషాల్లో చేసుకోగల పరీక్ష. గత 20 ఏళ్ల గవర్నర్ల జాబితా తీసి మార్పుల సంఖ్యను 20తో భాగించండి. చట్టం ఐదేళ్లంటే 0.4, అంటే సగటున రెండున్నరేళ్లు, వచ్చిందా, చట్టాన్ని పక్కన పెట్టేయొచ్చు.

టర్కీ సంగతి చూడండి. 2019 జూలైలో ఒక గవర్నర్‌ను తీసేశారు, 2020 నవంబరులో ఇంకొకరిని. మూడో ఆయన 2021 మార్చి 18న రేటును 17 నుంచి 19 శాతానికి పెంచారు, 20న పదవి పోయింది. సోమవారం మార్కెట్లు తెరవగానే లీరా ఒక దశలో 15 శాతం దాకా పడింది. ఆ శరదృతువు నుంచి రేటు తగ్గిస్తూ డిసెంబరుకు 14 శాతానికి, 2023 ఫిబ్రవరికి 8.5 శాతానికి తెచ్చారు. మధ్యలో, 2022 అక్టోబరులో, అధికారిక ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. తిరిగి దారికి తేవడానికి 2024 మార్చికల్లా రేటు 50 శాతం చేయాల్సి వచ్చింది. 19 దగ్గర ఆగి ఉంటే సరిపోయేదా అన్నది ఎవరూ తేల్చలేరు. కానీ తర్వాత వచ్చిన గవర్నర్ ఏం చెప్పినా "ఈయన ఎన్నాళ్లుంటాడు" అనే లెక్క కూడా వడ్డీలో చేరుతుంది. గవర్నర్‌ను తీసేసినందుకు పడే ఖర్చు అదే.

కాబట్టి తొలగింపు సెక్షన్‌లో మూడు విషయాలు ఉన్నాయా చూడండి. ఒకటి, కారణాలు: "తీవ్రమైన దుష్ప్రవర్తన, విధులు నిర్వర్తించలేని స్థితి" వంటి ఇరుకైన పదాలేనా, "ప్రజాప్రయోజనం దృష్ట్యా" వంటి వదులు మాట ఎక్కడైనా దూరిందా. రెండు, తీసేసిన మనిషి వెళ్లడానికి కోర్టు ఉందా. మూడు, పదవీకాలం ఎన్నికల చక్రం కంటే పొడవా. యూరో దేశాల ఉమ్మడి కేంద్ర బ్యాంకు ఈసీబీ కార్యనిర్వాహక మండలి సభ్యులకు ఎనిమిదేళ్లు, మళ్లీ నియమించరు. మళ్లీ నియామకం ఉంటే చివరి ఏడాది నిర్ణయాల మీద ఆ ఆశ నీడ పడుతుంది. అందుకే ఆ షరతు.

కోర్టు తలుపు నిజంగా తెరుచుకున్న సందర్భం ఒకటుంది. లాట్వియా గవర్నర్ 2018 ఫిబ్రవరిలో లంచం ఆరోపణ మీద అదుపులోకి వెళ్లాక, విధులు నిర్వర్తించకుండా ఆయన్ని ఆపేశారు. ఆయనా, ఈసీబీ కూడా యూరోపియన్ న్యాయస్థానానికి వెళ్లారు. దుష్ప్రవర్తనకు చాలినన్ని ఆధారాలు చూపలేదంటూ 2019 ఫిబ్రవరి 26న ఆ సస్పెన్షన్‌ను కోర్టు రద్దు చేసింది. నేరం జరిగిందా లేదా అన్నది ఆ తీర్పు విషయం కాదు, క్రిమినల్ కేసు వేరు. ఆధారం చూపకుండా కుర్చీ ఖాళీ చేయించలేరన్నది దాని విషయం.

నాణెంరెండోవైపు:

పై రెండు జవాబులూ తాళాల గురించి. తాళం పగలగొట్టగలిగే బలం ఉన్న ప్రభుత్వం కూడా కొన్నిచోట్ల ఎందుకు పగలగొట్టదు? మీ ప్రశ్నలో అసలు ముడి అదే అనుకుంటున్నాను.

పశ్చిమ జర్మనీలో 1956 మేలో కేంద్ర బ్యాంకు డిస్కౌంట్ రేటు (బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) పెంచింది. ఛాన్సలర్ ఆడెనావర్ కొలోన్‌లో పారిశ్రామికవేత్తల సభలో దాన్ని బాహాటంగా దుయ్యబట్టారు. పత్రికలు, జనం ఛాన్సలర్ పక్షాన కాకుండా బ్యాంకు పక్షాన నిలిచారు. ఇప్పటి జర్మన్ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ చట్టం వచ్చింది ఆ మరుసటి ఏడాది, 1957లో. అంటే సెక్షన్ కంటే ముందే మద్దతు ఉంది. 1997లో ఆర్థికమంత్రి వైగెల్ బంగారు నిల్వల విలువ పెంచి చూపి, ఆ లాభంతో లోటు తగ్గించుకుందామనుకున్నారు. యూరోలో చేరడానికి లోటు జీడీపీలో 3 శాతం గీత దాటకూడదన్న సంవత్సరం అది. బ్యాంకు బహిరంగంగా కాదన్నది, వారం తిరక్కుండానే జనాభిప్రాయం అటు మొగ్గింది, ఆ లాభాన్ని ఆ ఏడాది పద్దులో చూపే ఆలోచన మానుకున్నారు.

ఆ మద్దతు ఊరికే రాలేదు, తప్పులు చేయనందువల్లా రాలేదు. 1975 నుంచి బుండెస్‌బ్యాంక్ ఏటా డబ్బు సరఫరా లక్ష్యం ప్రకటించేది. దాదాపు సగం సార్లు తప్పింది. కానీ ప్రతిసారీ ఎందుకు తప్పిందో ముందు తనే చెప్పేది, తప్పిన దిశను బట్టి తర్వాత ఏం చేస్తుందో చెప్పేది, చెప్పింది చేసేది. లక్ష్యం తప్పడం, మాట తప్పడం వేర్వేరని జనానికి అర్థమయ్యేలా నడుచుకుంది. నేను ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకేదీ చెప్పలేను.

ఇప్పుడు కొలతలు. మార్కెట్ నుంచి ఒకటి తీయొచ్చు: ఒకే కాలవ్యవధి ఉన్న మామూలు బాండు రాబడిలోంచి ద్రవ్యోల్బణానికి ముడిపెట్టిన బాండు రాబడి తీసేస్తే వచ్చేది మార్కెట్ ఊహిస్తున్న ద్రవ్యోల్బణం. అందులో రిస్కు ప్రీమియం (అనిశ్చితికి మదుపరులు అదనంగా అడిగే రాబడి) కలిసి ఉంటుంది, ముడిపెట్టిన బాండ్లు తక్కువగా చేతులు మారితే ఆ తేడా కూడా కలుస్తుంది, కాబట్టి స్థాయిని నమ్మకండి, కదలికను చూడండి. వచ్చే ఏడాదిది కాకుండా ఐదేళ్ల తర్వాత మొదలయ్యే ఐదేళ్లది తీసుకోవాలి. ప్రతి నెలా ధరల సూచీ వచ్చిన రోజు, అంచనా కంటే అది ఎంత ఎక్కువ వచ్చిందో ఒక వరసలో, ఆ దూరపు ఊహ ఎంత కదిలిందో పక్క వరసలో రాయండి. రెండో వరస కదలకపోతే జనం "ఈ నెల పెరిగింది, బ్యాంకు చూసుకుంటుంది" అనుకుంటున్నారు. మొదటిదానితో పాటు కదులుతుంటే అనుకోవడం లేదు.

ఇళ్ల సర్వేల్లో సగటు చూసి మోసపోవద్దు. తరచూ కొనే సరుకు, ఇంధనం ధరలే మనసులో ఉంటాయి కాబట్టి జనం చెప్పే అంకె ఎప్పుడూ అసలు కంటే ఎక్కువే ఉంటుంది. జవాబులను వరసలో పెడితే నట్టనడుమ వచ్చే మధ్యస్థాన్ని చూడండి, దానికంటే ముఖ్యంగా చివరల్ని చూడండి. మధ్యస్థం కదలకుండానే "10 శాతం పైన పెరుగుతాయి" అనేవాళ్ల వాటా లావెక్కుతుంటే అది తొలి హెచ్చరిక. నేరుగా నమ్మకాన్ని అడిగే సర్వేలూ ఉన్నాయి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ పనితీరు మీద తృప్తిగా ఉన్నవారిలోంచి అసంతృప్తులను తీసేస్తే వచ్చే నికర అంకె 1999లో సర్వే మొదలైనప్పటి నుంచి 2022 దాకా సున్నా కిందికి పోలేదు. ఆ ఏడాది పోయింది.

పోయిన నమ్మకం గురించి ఆస్ట్రేలియా నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఆస్ట్రేలియా రేటును 0.10 శాతానికి తగ్గించి, పెంచడానికి తగిన పరిస్థితులు కనీసం 2024 దాకా రావని తాము భావిస్తున్నట్టు 2021లో పదేపదే చెప్పింది. వాక్యంలో షరతు ఉంది. జనం చెవికి చేరింది మాత్రం "2024" అన్న అంకె ఒక్కటే. దాన్ని నమ్మి ఇళ్లకు అప్పు తీసుకున్నారు. 2022 మేలో రేటు పెరిగింది, 2023 నవంబరుకు 4.35 అయింది. 2024 ఏప్రిల్‌లో తీరే బాండు రాబడిని 0.1 శాతం దగ్గర పట్టి ఉంచుతామన్న మాటనూ 2021 నవంబరులో గందరగోళంగా వదిలేసింది. గవర్నర్ సెనేట్ కమిటీ ముందు క్షమాపణ చెప్పారు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన స్వతంత్ర సమీక్ష 51 సిఫారసులు చేసింది, ద్రవ్య విధానానికి వేరే బోర్డు 2025 మార్చి నుంచి పనిచేస్తోంది.

అందులోంచి తీసుకోవాల్సిన పాఠం మాటల పొందిక గురించి. తేదీ చెప్పకండి, ఏ అంకె ఎక్కడికి చేరితే ఏం చేస్తారో చెప్పండి. ఒకే అంచనా కాకుండా, "ఇంధనం ఇంకా పెరిగితే ఇలా, వేతనాలు ఆగకపోతే ఇలా" అని రెండు మూడు దారులు వాటి వడ్డీ రేట్లతో సహా చూపండి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ అంచనాల పద్ధతి మీద 2024 ఏప్రిల్‌లో ఫెడ్ మాజీ అధ్యక్షుడు బెర్నాంకీ ఇచ్చిన నివేదిక ఆ దిశలోనే పోయింది. 12 సిఫారసుల్లో ఒకటి, ఎంతో పేరున్న విసనకర్ర బొమ్మలను (అంచనా చుట్టూ విప్పారే పట్టీలున్న ఫ్యాన్ చార్టులను) తీసేయమనడం. విసనకర్ర ఎంత అనిశ్చితి ఉందో చూపుతుంది, ఆ అనిశ్చితిలో బ్యాంకు ఏం చేస్తుందో చూపదు.

ఇంకొక్క మాట. మాటలతో తిరిగి వచ్చే నమ్మకానికి హద్దుంది. 1970ల్లో అమెరికాలో పోయినదాన్ని ఫెడ్ అధ్యక్షుడు వోల్కర్ తిరిగి తెచ్చినప్పుడు ఫెడ్ రేటు 20 శాతం దరికి వెళ్లింది, నిరుద్యోగం 1982 చివరకు 10.8 శాతం అయింది. రైతులు ట్రాక్టర్లతో ఫెడ్ భవనం చుట్టూ తిరిగారు, ఇళ్లు కట్టేవాళ్లు చెక్కదుంగల ముక్కలు పోస్టులో పంపారు. 1980 మార్చిలో 14.8 శాతం ఉన్న ద్రవ్యోల్బణం 1983కి 4 శాతం లోపుకి వచ్చింది. మధ్యలో పని పోయినవాళ్ల బాధను ఆ ఫలితం పక్కన చిన్నదిగా చేసి చూపడం తప్పు. నమ్మకం ముందే పోకుండా కాపాడుకుని ఉంటే అంత మూల్యం పడేది కాదు.

తూనికరాయి:

చాలా ఉపయోగపడింది. చివరి ప్రశ్న ఇంకా మిగిలింది. "జనం బ్యాంకు పక్షాన నిలిచారు" అనడం బాగుంది, కానీ ఎన్నికైన ప్రభుత్వానికి నిజంగా బ్యాంకు తప్పు చేస్తోందనిపిస్తే ఏం చేయాలి? నోరు మూసుకోవాలా?

గెజిట్‌చదువరి:

అక్కర్లేదు. ఆ సందర్భానికి కొన్ని చట్టాల్లో తలుపు పెట్టారు, దాని తయారీ చాలా తెలివైనది.

కెనడాలో 1961లో గవర్నర్ కాయిన్‌కూ ప్రభుత్వానికీ మధ్య గొడవ ముదిరి ఆయన రాజీనామా చేశారు. తర్వాత వచ్చిన రాస్మిన్‌స్కీ పదవి తీసుకునేటప్పుడే ఒక సూత్రం రాసి ఇచ్చారు: రోజువారీ ద్రవ్య విధానం బ్యాంకు బాధ్యత, మౌలికంగా విభేదం వస్తే ప్రభుత్వానిదే పైచేయి, కానీ అది బహిరంగంగా జరగాలి. 1967లో అదే చట్టమైంది. మంత్రి గవర్నర్‌తో సంప్రదించాక ఆదేశం ఇవ్వొచ్చు. అది రాతలో ఉండాలి, ఏం చేయాలో నిర్దిష్టంగా ఉండాలి, ఎంతకాలమో ఉండాలి, గెజిట్‌లో అచ్చు కావాలి, పార్లమెంటు ముందు పెట్టాలి. ఇంతవరకు ఒక్కసారీ వాడలేదు. వాడిన రోజు గవర్నర్ రాజీనామా చేస్తాడని అందరికీ తెలుసు, తర్వాత వచ్చే ఫలితం ఎవరి ఖాతాలో పడుతుందో కూడా తెలుసు. న్యూజిలాండ్ 1989 చట్టంలోనూ ఇలాంటిదే ఉండేది: ప్రభుత్వం వేరే లక్ష్యం పెట్టొచ్చు, అయితే బహిరంగ ఉత్తర్వుతో, అది కూడా ఒకసారికి 12 నెలలకు మించకుండా.

నిజంగా ప్రమాదకరమైనది ఆదేశం కాదండీ, ఫోన్ కాల్. రాతలో లేని ఒత్తిడికి బాధ్యుడు ఎవరూ ఉండరు. చట్టంలో బహిరంగ ఆదేశానికి దారి పెడితే, చాటుగా ఒత్తిడి చేసేవాళ్లకు గవర్నర్ చెప్పగల జవాబు ఒకటి దొరుకుతుంది: "గెజిట్‌లో వేయండి, పాటిస్తాను."

మీ ప్రజాస్వామ్యం ప్రశ్నకు మిగతా సగం జవాబు ఆర్థికవేత్తలు డెబెల్, ఫిషర్ 1994లో చేసిన విభజనలో ఉంది. లక్ష్యం ఎవరు పెట్టాలి అన్నది ఒకటి, పనిముట్టు ఎవరు వాడాలి అన్నది ఇంకొకటి. మొదటిది ఎన్నికైనవారిది, రెండోది బ్యాంకుది. బ్రిటన్‌లో 1997 మే 6న గార్డన్ బ్రౌన్ ప్రకటించింది సరిగ్గా ఇదే. లక్ష్యాన్ని ఆర్థికమంత్రే రాసి ఇస్తాడు, మొదట 2.5, 2003 డిసెంబరు నుంచి వేరే సూచీ మీద 2 శాతం. రేటును తొమ్మిది మంది కమిటీ ఓటుతో తేలుస్తుంది, అందులో నలుగురు బయటివారు, ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో వస్తుంది. ఈ పేర్లతో ఓట్లన్నది చిన్న విషయం కాదు: 9-0 అని ఎప్పుడూ వస్తుంటే లోపల నిజంగా చర్చ జరుగుతోందా అని బయటివాళ్లు అడగగలరు.

లక్ష్యం నుంచి ఒక శాతం పాయింటు మించి అటో ఇటో పోతే గవర్నర్ మంత్రికి బహిరంగ లేఖ రాయాలి: ఎందుకు పోయింది, ఏం చేస్తున్నారు, ఎంతకాలంలో వస్తుంది. మొదటి లేఖ 2007 ఏప్రిల్‌లో, ద్రవ్యోల్బణం 3.1 అయినప్పుడు. లేఖ వెంటనే అచ్చవుతుంది, మంత్రి జవాబూ అచ్చవుతుంది. భారత్‌లో 2016 సవరణ 4 శాతం లక్ష్యం, అటూ ఇటూ 2 శాతం హద్దు పెట్టి, వరసగా మూడు త్రైమాసికాలు హద్దు దాటితే ఇవే మూడు ప్రశ్నలకు ప్రభుత్వానికి జవాబివ్వాలంది. 2022లో ఆ పరిస్థితి వచ్చింది, నవంబరులో ప్రత్యేక సమావేశం జరిగింది, నివేదిక వెళ్లింది, కానీ అప్పట్లో దాన్ని బయటపెట్టలేదు. చట్టం ప్రచురించమని అనలేదు కాబట్టి నిబంధన ఉల్లంఘన ఏమీ లేదు. కానీ జవాబుదారీతనం ప్రభుత్వానికి చేరి అక్కడే ఆగిపోయింది. చట్టం రాసేటప్పుడు "ప్రచురించాలి" అన్న ఒక్క మాట చేర్చడం ఖర్చులేని పని, చేర్చి తీరాల్సిన పని.

పద్దులపుస్తకం:

నా మొదటి జవాబులో వదిలేసిన సంగతి ఒకటుంది: బ్యాంకు లాభనష్టాలు. ఒత్తిడి ఎక్కువగా ఇటునుంచే వస్తుంది, జనం గమనించరు.

బ్యాంకు చౌక వడ్డీ రోజుల్లో భారీగా బాండ్లు కొని ఉంటే, రేట్లు పెంచినప్పుడు బ్యాంకుల డిపాజిట్లకు తను కట్టే వడ్డీ పెరుగుతుంది, బాండ్ల మీద వచ్చేది పెరగదు. ఫెడ్ 2022 సెప్టెంబరు నుంచి ఖజానాకు లాభం పంపడం దాదాపు ఆపేసింది, వాయిదా పద్దు, అంటే రాబోయే లాభాల్లోంచి పూడ్చుకోవాల్సిన నష్టం, 20,000 కోట్ల డాలర్లు దాటింది. స్విస్ నేషనల్ బ్యాంకు 2022లో సుమారు 13,200 కోట్ల ఫ్రాంకులు నష్టపోయి, ఆ ఏడాది సమాఖ్యకూ కాంటన్లకూ (అక్కడి రాష్ట్రాలకూ) ఏమీ పంచలేదు. అయినా స్విట్జర్లాండ్‌లో ద్రవ్యోల్బణం 3.5 శాతం దగ్గరే శిఖరం చేరి దిగింది. చెక్, చిలీ, ఇజ్రాయెల్ కేంద్ర బ్యాంకులు మూలధనం మైనస్‌లో ఉండగానే ఏళ్ల తరబడి ధరలను అదుపులో ఉంచాయి. నష్టం ఒక్కదానితో బ్యాంకు చేతులు కట్టుబడవు. నష్టం వస్తుందేమోనని రేటు పెంచడానికి జంకితేనో, మూలధనం కోసం మంత్రి గుమ్మం దగ్గర నిలబడి బదులుగా ఏదో ఒప్పుకుంటేనో కట్టుబడతాయి.

అందుకే మిగులు పంపిణీ సూత్రం గొడవ రాకముందే రాసి ఉండాలి. చేతికి రాని లాభం, అంటే బంగారం, విదేశీ మారకం విలువ పెరిగినందువల్ల పుస్తకంలో కనిపించేది, పంచకూడదు. పంచితే డబ్బు ముద్రించి ఇచ్చినట్టే. చేతికి వచ్చిన లాభంలోంచి ముందు రిస్కు నిల్వ నింపాలి, మిగిలింది ఖజానాకు. భారత్‌లో 2019లో బిమల్ జలాన్ కమిటీ చెప్పిన చట్రం ఇదే: విలువ పెరుగుదల నిల్వలు పంచరాదు, ఆకస్మిక రిస్కు నిల్వ బ్యాలెన్స్ షీటులో 5.5 నుంచి 6.5 శాతం మధ్య ఉండాలని అప్పట్లో చెప్పింది. సూత్రంలో ఇలా హద్దులు పెడితే వచ్చే చిక్కు ఏమిటంటే, డబ్బు అవసరమైన ఏడాది కింది అంకె వైపు లాగుతారు. ఏ ఏడాది ఏ అంకె ఎంచుకున్నారో, ఎందుకో వార్షిక నివేదికలో రాస్తే ఆ లాగుడు బయటపడుతుంది.

గడియారంముల్లు:

వ్యక్తిగత పెట్టుబడుల నియమాలు కూడా చూడండి, చాలామంది చివరికి చూస్తారు. 2021లో అమెరికాలో ఇద్దరు ప్రాంతీయ రిజర్వ్ బ్యాంకుల అధ్యక్షులు తమ లావాదేవీల మీద ప్రశ్నలు వచ్చాక తప్పుకున్నారు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నియమాలు: విడి షేర్లు కొనకూడదు, ఏది కొన్నా అమ్మినా 45 రోజుల ముందు చెప్పాలి, కనీసం ఏడాది ఉంచుకోవాలి. ఈ నియమాల వల్ల రేటు నిర్ణయం మెరుగవుతుందని కాదు. వడ్డీ పెంపుతో కుంగిపోయిన మనిషికి "వాళ్లు తమ కోసం చేసుకోలేదు" అని చూపించగలగాలి.

తూనికరాయి:

ఒక చివరి అనుమానం. ఈ లక్ష్యాలు, లేఖలు, సర్వేలు అన్నీ ధరల సూచీ మీద ఆధారపడ్డాయి కదా. దాన్నే మార్చేస్తే?

నాణెంరెండోవైపు:

అర్జెంటీనాలో జరిగింది అదే. 2007 జనవరిలో ప్రభుత్వం జాతీయ గణాంక సంస్థలో జోక్యం చేసుకుని ధరల సూచీ బాధ్యుల్ని మార్చింది. అక్కడి నుంచి అధికారిక అంకె ఒకటి, రాష్ట్రాలూ ప్రైవేటు సంస్థలూ లెక్కగట్టింది ఇంకొకటి. సూచీకి ముడిపెట్టిన బాండ్లు పట్టుకున్నవాళ్లు వడ్డీలో నష్టపోయారు. 2013 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి గణాంకాల విషయమై ఆ దేశాన్ని అభిశంసించింది, 2016 నవంబరులో గానీ ఎత్తేయలేదు. ఆ మధ్యకాలంలో కేంద్ర బ్యాంకు ఏ లక్ష్యం ప్రకటించినా నమ్మేవాడు లేడు, ఎందుకంటే చేరిందో లేదో చెప్పే తూనికే పాడైంది.

కాబట్టి బ్యాంకు చట్టం పక్కనే గణాంక సంస్థ చట్టం కూడా పెట్టుకుని చదవండి. అధిపతి పదవీకాలం, తొలగింపు కారణాలు, సూచీ విడుదల తేదీలు ఏడాది ముందే ప్రకటిస్తారా, మంత్రికి ఆ అంకె ఎన్ని గంటల ముందు తెలుస్తుంది, బరువులు ఎన్నేళ్లకోసారి మారుస్తారు, మార్చినప్పుడు పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండిటి అంకెలూ కొన్ని నెలలు పక్కపక్కన ఇస్తారా. బరువులు మరీ పాతబడితే ఎవరూ జోక్యం చేసుకోకపోయినా సూచీ జనం నిజంగా పెట్టే ఖర్చుకు దూరమవుతుంది, "ఈ అంకె మా ఇంటిది కాదు" అనే మాట అక్కడ మొదలవుతుంది. సూచీలో ఏ వస్తువుకు ఎంత బరువో చూపే పట్టిక సంస్థ వెబ్‌సైట్‌లో దొరుకుతుందో లేదో ముందు అది చూడండి.